పొట్టలో కొవ్వు, గొంతులో సందు

హిందూపురం కూరగాయల మార్కెట్లో ధర చెప్పేవాళ్ల కేకలు వీధి మొదట్లోనే వినబడతాయి. అక్కడి నుంచి రైల్లో పెనుకొండ, ఆపైన ధర్మవరం. ధర్మవరంలో మరమగ్గాలు ఆడే ఇంట్లో పక్క మనిషికి మాట వినబడాలంటే గొంతెత్తాల్సిందే. ఈ ఊళ్లలో గొంతు కూడా మగ్గం లాంటి పనిముట్టే. చెయ్యి విరిగితే కట్టుకు పరుగెత్తే మనం, గొంతు పోతే మాత్రం మిరియాల కషాయంతో నెలలు గడిపేస్తాం.

మాట్లాడేటప్పుడు స్వరపేటికలోని రెండు స్వరతంత్రులూ దగ్గరకొచ్చి తాకాలి. వాటిని కదిలించే నరం థైరాయిడ్ గ్రంథి వెనకగా పోతుంది. ఎడమవైపుదైతే ఛాతీలోకి దిగి, బృహద్ధమనిని చుట్టి మళ్లీ పైకొస్తుంది. అందుకే థైరాయిడ్ ఆపరేషన్‌లో దెబ్బ తగిలినా, ఛాతీలో గడ్డ నొక్కినా ఒక తంత్రి చచ్చుబడవచ్చు. మధ్యలో మిగిలిన సందులోంచి గాలి వృథాగా పోయి మాట గుసగుసవుతుంది, నీళ్లు తాగితే పొలమారుతుంది. ఆ సందు పూడ్చడానికి 1911లో జర్మన్ వైద్యుడు బ్రూనింగ్స్ పారఫిన్ ఎక్కించాడు. తర్వాత టెఫ్లాన్ వచ్చింది, దాని చుట్టూ గడ్డలు కట్టాయి. రోగి పొట్టలోంచే తీసిన కొవ్వునైతే ఒళ్లు పరాయిదనుకోదు, కొనే పనీ లేదు. మత్తిచ్చి, ఆ కొవ్వును శుభ్రం చేసి కదలని తంత్రిలోకి ఎక్కిస్తే అది ఉబ్బి మధ్యకు జరుగుతుంది. కదిలే తంత్రి వచ్చి దాన్ని తాకుతుంది. కూలి డబ్బులతో బతికే ఇళ్లకు ఈ పద్ధతిని గట్టిగా పరిశీలించాలంటాను.

కొవ్వు కరిగిపోతుంది కదా అన్న ఆక్షేపణ నిజమే. ఎంత నిలుస్తుందో ఒక్కొక్కరిలో ఒక్కో తీరు. అందుకే సర్జన్లు అవసరానికి మించి ఎక్కిస్తారు, కొందరికి మళ్లీ చేయాల్సి వస్తుంది. సందు మరీ పెద్దదైతే జపాన్ వైద్యుడు ఇషికి 1974లో వివరించిన, తంత్రిని బయటి నుంచి మధ్యకు నెట్టే ఆపరేషన్ థైరోప్లాస్టీయే మేలు. నరం దానంతటదే కోలుకోవచ్చు, కొన్ని నెలలు ఆగండన్న సలహా కూడా సబబే. కానీ తాగిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్న మనిషి అన్నాళ్లు ఆగలేడు. అలాంటివారికి ఈలోగా కొన్నాళ్లుండి కరిగే పదార్థమైనా ఎక్కించవచ్చు. వేటికైనా ముందు నరం ఎందుకు దెబ్బతిందో తేలాలి, ఎందుకంటే కొన్నిసార్లు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు తొలి గుర్తు ఈ బొంగురే. ఆపరేషన్‌కు హిందూపురం నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు పోవాల్సి వచ్చినా, ముక్కులోంచి సన్నటి గొట్టంతో స్వరతంత్రులను చూసే పరీక్షకు నిమిషాలు చాలు. గొంతు బొంగురు నాలుగు వారాలు దాటితే, థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత మాట మారితే, కషాయం పక్కనబెట్టి చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోండి.