గోనెసంచీ డాక్టరుగారు

గుండె మీద మా నవలా రచయిత్రులకున్నంత చొరవ ఏ డాక్టరుకీ ఉండదు. నా పుస్తకాల్లో ఇప్పటికి ఎన్ని గుండెలు పగిలాయో, ఎన్ని చెరువులయ్యాయో, ఎన్ని ఝల్లుమన్నాయో లెక్క రాసుకోలేదు. హీరో గుమ్మంలో కనబడితే చాలు, హీరోయిన్ గుండె ఒక్క క్షణం ఆగి మళ్ళీ కొట్టుకుంటుంది. ఆ క్షణంసేపూ ఆవిడ ప్రాణాన్ని ఎవరు పట్టుకున్నారండీ అని ఏ పాఠకురాలూ నన్నడగలేదు.

అడిగినవాడొకడున్నాడు. జాన్ గిబ్బన్ అని, అమెరికాలో ఫిలడెల్ఫియా ఆయన. 1903లో పుట్టాడు. వాళ్ళింట్లో తరతరాలుగా డాక్టర్లే. ఈయనతో అయిదో తరం. ఈయనకి మాత్రం రచయిత కావాలని కోరిక. వైద్యకళాశాలలో చేరిన మొదటి ఏడాదే, ఈ చదువు మానేసి రాసుకుంటానని తండ్రితో చెప్పాడట. మన ఇళ్ళల్లో అయితే ఏమయ్యేదో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ తండ్రి పోట్లాడలేదు. డిగ్రీ పూర్తిచేసినంత మాత్రాన నీ రాత చెడిపోదులే అని నచ్చజెప్పాడు. కొడుకు 1927లో డాక్టరై బయటికొచ్చాడు. సాహిత్యానికి ఏం నష్టం జరిగిందోగానీ, లాభం ఎవరికొచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

1930లో గిబ్బన్ పరిశోధన కోసం బోస్టన్ వెళ్ళాడు. మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో ఎడ్వర్డ్ చర్చిల్ అనే సర్జను దగ్గర పని. అప్పటికి 27 ఏళ్ళ కుర్రాడు. అక్కడ పిత్తాశయం ఆపరేషను చేయించుకున్న ఒకావిడకి, కోలుకుంటున్న వేళ, గడ్డకట్టిన రక్తం కదిలిపోయి, గుండెలోంచి ఊపిరితిత్తులకు వెళ్ళే పెద్ద రక్తనాళానికి అడ్డం పడింది. ఆ గడ్డని కోసి తియ్యడమంటే ఆ రోజుల్లో రోగి మీద ఆశ వదులుకోవడమే. అంచేత ఇంక తప్పదన్న ఘడియ వచ్చేదాకా కత్తి పట్టరు. ఆ ఘడియ కనిపెట్టి చెప్పే పని ఈ కుర్రాడికి పడింది. రాత్రంతా ఆవిడ మంచం పక్కనే కూర్చున్నాడు. పావుగంటకోసారి నాడి చూడటం, రక్తపోటు చూడటం, రాసుకోవడం. ఆవిడ ఊపిరి కోసం కొట్టుకుంటూనే ఉంది. తెల్లవారేసరికి పరిస్థితి చెయ్యిదాటింది. చర్చిల్ పరుగున వచ్చి ఆరున్నర నిమిషాల్లో గడ్డ తీసేశాడు. ఆవిడ బతకలేదు.

రోగి పక్కన రాత్రి మేలుకున్నవాళ్ళు మనలో లేనిదెవరు? నిద్ర కాదు కష్టం, చేతులు ఖాళీగా ఉండటం. ఆ ఖాళీ చేతుల రాత్రి గిబ్బన్‌కి తోచిన ఊహ, వింటే పిల్లకాయ మాటలా ఉంటుంది. ఈ నల్లబడ్డ రక్తాన్ని కాస్త బయటికి తీసి, ప్రాణవాయువు పట్టించి, ఎర్రబరిచి, ఆ అడ్డు దాటించి మళ్ళీ లోపలికి పంపితే ఈ తల్లి బతుకుతుంది కదా! మనమైతే కాఫీ తాగేలోపల మరిచిపోతాం. ఆయన 23 ఏళ్ళు మరిచిపోలేదు.

చర్చిల్ ప్రయోగశాలలోనే మేరీ హాప్కిన్సన్ అనే అమ్మాయి టెక్నీషియనుగా ఉండేది. దగ్గరవాళ్ళు మేలీ అనేవారు. 1931లో ఇద్దరికీ పెళ్ళయింది. ఈ చోట నేనైతే రెండు ప్రకరణాలు సముద్రమూ వెన్నెలా పెట్టేదాన్ని. ఆయన గోనెసంచీ పట్టుకుని పిల్లుల కోసం బయల్దేరాడు! నిజమండీ. 1934లో దంపతులు మళ్ళీ బోస్టన్ వచ్చి యంత్రం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళెవరికీ నమ్మకం లేదు. చర్చిల్‌కీ లేదుగానీ, పాపం చోటు మాత్రం ఇచ్చాడు. గాలిపంపు ఎవరో వాడేసినది, కొద్ది డాలర్లకి కొన్నారు. ఇక ప్రయోగానికి పిల్లులు కావాలి. ట్యూనా చేపముక్కలు ఎరగా తీసుకుని, రాత్రిపూట బీకన్ హిల్ సందుల్లో వీధి పిల్లుల్ని పట్టి సంచీలో వేసుకొచ్చేవాడు. పొద్దున్నే మేలీ అన్నీ కడిగి, శుభ్రం చేసి, అమర్చి పెట్టేది. సాయంత్రందాకా ఆయన పక్కనే నిలబడి పనిచేసేది. అయ్యాక మళ్ళీ కడుగుడు. వంట చెయ్యడం ఒక ఎత్తు, గిన్నెలు తోమడం ఒక ఎత్తు అని తెలిసినవాళ్ళకి ఇంతకన్నా వివరించక్కర్లేదు.

1935లో ఒకరోజు, పిల్లి గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళే నాళాన్ని పూర్తిగా బిగించేశారు. రక్తపోటు పడిపోలేదు. బతుకు భారమంతా యంత్రం మోస్తోంది! మొగుడూ పెళ్ళాం కావలించుకుని ప్రయోగశాల అంతా గంతులేశారు. ఆ గంతుల్లో ఉన్న ఆనందం జీవితంలో మళ్ళీ దేనిలోనూ దొరకలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

పిల్లికి చాలింది మనిషికి చాలదు. వేడిపాలు త్వరగా చల్లారాలంటే వెడల్పు పళ్ళెంలో పోస్తాం చూడండి, రక్తానికి ప్రాణవాయువు పట్టించడం కూడా అలాంటిదే. పలచటి పొరగా పారాలి. మొదట గిర్రున తిరిగే గొట్టం లోపలివైపు పారించారు. మనిషికి సరిపడా అలా చెయ్యాలంటే యంత్రం మేడంత అయ్యేలా ఉంది. మధ్యలో యుద్ధం వచ్చి పడింది. యుద్ధం అయ్యాక ఐ.బి.ఎం. కంపెనీ అధిపతి థామస్ వాట్సన్ ఇంజనీర్లనిచ్చి ఆదుకున్నాడు. నిలువుగా వేలాడే తీగవలల మీదుగా రక్తాన్ని జార్చే ఏర్పాటుతో చిక్కు విడింది.

నేను చదివింది బి.ఏ. ఇదంతా నాకెందుకు పట్టిందంటే, నిరుడు మా అక్కకి గుండెలో వాల్వు మార్చారు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళనొప్పుల జ్వరం నలభై ఏళ్ళు లోపల దాక్కుని వాల్వుని తినేసిందట. “గంటన్నర సేపు గుండె ఆపుతామమ్మా” అన్నారు డాక్టరుగారు, గోడగడియారం బాగుచేసేవాడు చెప్పినంత తేలిగ్గా. మా బావగారు ఆంజనేయ దండకం అందుకున్నారు. నేను ఆ తలుపు మీది ఎర్రదీపం చూస్తూ కూర్చున్నాను. లోపల అక్క గుండె ఆగి ఉంది. వీధిలో బఠాణీలవాడు గంట కొడుతున్నాడు. నేను రాసిన “ఒక్క క్షణం”లన్నీ కలిపినా ఆ గంటన్నర కాలేదు. నాలుగోనాడు అక్క కళ్ళు తెరిచి, “వంకాయలు కొన్నావా, కుళ్ళిపోతాయి” అంది. యంత్రం ఎవరు కనిపెట్టారా అని వెతకడం ఆ రాత్రి మొదలుపెట్టాను.

ఇక గిబ్బన్ సంగతి. 1952లో మొదటిసారి 15 నెలల పసిబిడ్డకి యంత్రం వాడాడు. ఉందనుకున్న లోపం ఒకటి, అసలు లోపం వేరొకటి. బిడ్డ దక్కలేదు. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జెఫర్సన్ ఆస్పత్రిలో 18 ఏళ్ళ కాలేజీ అమ్మాయిని బల్ల మీద పడుకోబెట్టారు. గుండె పైగదుల మధ్య గోడకి చిల్లి. 45 నిమిషాలు యంత్రానికి కలిపి ఉంచారు. అందులో 26 నిమిషాలు గుండె పనీ, ఊపిరితిత్తుల పనీ పూర్తిగా యంత్రానిదే. చిల్లి కుట్టేశారు. అమ్మాయి లేచి ఇంటికెళ్ళి, తర్వాత దశాబ్దాలు బతికింది.

సినిమా అయితే ఇక్కడ శుభం పడేది. ఆ జూలైలోనే అయిదేళ్ళ ఆడపిల్లలిద్దరికి ఆపరేషన్లు చేశాడు. ఇద్దరూ పోయారు. గిబ్బన్ ఆపేశాడు. ఇంకా తెలుసుకోవలసింది ఉంది, ఏడాదిపాటు వద్దన్నాడు. ఆ ఏడాది గడిచినా తను మళ్ళీ ఆ యంత్రం పెట్టి గుండె కొయ్యలేదు. 23 ఏళ్ళ తపస్సు! నలుగురిలో ఒక్కరు బతికారు. ఆ ఒక్కరినీ చూపించి, ఇంకో పదిమందిని బల్ల ఎక్కించమంటే కాదనే తల్లిదండ్రులు ఉండేవారా? ఆయన అలా చెయ్యలేదు. మరునాటి ఏడు మినియాపోలిస్‌లో లిల్లెహై అనే సర్జను బిడ్డ రక్తనాళాలని తండ్రి రక్తనాళాలకి కలిపి, తండ్రి గుండెనే యంత్రంగా వాడాడు. మేయో క్లినిక్‌కి చెందిన జాన్ కర్క్‌లిన్ యంత్రం నమూనా అడిగితే, గిబ్బన్ తన చిత్రపటాలు తీసి ఇచ్చేశాడు. వాళ్ళు దానికి మెరుగులు దిద్ది 1955 నుంచి వరసగా ఆపరేషన్లు చేశారు. నా దృష్టిలో పిల్లి దగ్గర గంతులేసిన గిబ్బన్ కంటే, ఆ చిత్రపటాలు తీసిచ్చిన గిబ్బన్ ఒక మెట్టు పైన ఉంటాడు. మేలీ ఏమందో ఎక్కడా కనబడలేదు. ఇన్నేళ్ళు కడిగిన చేతులు కదా, ఆవిడ్ని ఎవరైనా అడిగి ఉండాల్సింది.

1967లో పదవీ విరమణ చేశాడు. రాయాలన్న పాత సరదా బొమ్మలవైపు మళ్ళిందేమో, రంగులూ కుంచెలూ పట్టుకున్నాడు. 1973 ఫిబ్రవరి 5న టెన్నిసు ఆడుతూ కూలిపోయాడు. గుండెపోటు. నవలలో నేనిలా రాస్తే మా ఎడిటరుగారు “మరీ కల్పితంగా ఉందండీ” అని తిప్పి పంపేవారు.