ఏడున్నర ఆట

ఆడపిల్లల క్రికెట్‌కు రాత్రి ఏడున్నర ముహూర్తం పెట్టిన వాళ్ళెవరో నాకు తెలియదు గానీ, వాళ్ళెప్పుడూ రాత్రిపూట రొట్టెలు చేసి ఉండరని మాత్రం ఒట్టేసి చెప్పగలను. మహిళా ప్రీమియర్ లీగ్‌లో టాస్ ఏడింటికి, మొదటి బంతి ఏడున్నరకు. మా బేతంచెర్లలో సరిగ్గా అప్పుడే ఇంటింటా పెనం పొయ్యెక్కుతుంది. బండల పాలిష్ ఫ్యాక్టరీల నుంచి మగవాళ్ళు తలనిండా తెల్లటి దుమ్ముతో ఇళ్ళకు చేరే వేళ అది. నీళ్ళు కాగాలి, జొన్నరొట్టె తట్టాలి, శనగకాయల చట్నీ నూరాలి. పిల్లల హోంవర్కు, అత్తగారి మాత్రలు, రేపటికి పప్పు నానబెట్టడం, అన్నీ ఆ మూడు గంటల్లోనే.

"ఆడోళ్ళ ఆట ఆడోళ్ళే చూడరు, ఇంక మేమేం చూస్తాం?" అని మా తమ్ముడు ఎప్పుడూ ఎగతాళి చేస్తుంటాడు. ఈ మాట మీరూ వినే ఉంటారు. దానికి జవాబు చెబుదామనే ఇవాళ రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను డిగ్రీలో చదివింది తెలుగు. ఛందస్సు వచ్చు గానీ ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో నలభై దాటేదాకా తెలియదు. ఐపీఎల్ కూడా ఏడున్నరకే కదా! ఆ రెండు నెలలూ ముందుగదిలో మగపిల్లలంతా టీవీ ముందుంటే, నేను మిరపకాయ బజ్జీలు వేస్తూ వంటింట్లోంచి "సిక్సా, అవుటా?" అని అరిచి అడిగేదాన్ని. నా క్రికెట్ అంతే. చప్పుడు వినేదాన్ని, ఆట చూసేదాన్ని కాదు.

2023 ఫిబ్రవరిలో పేపర్లో ఒక చిన్న వార్త చదివాను. మహిళల లీగ్ మొదటి వేలంలో మన ఆదోని అమ్మాయి అంజలి శర్వాణిని యూపీ వారియర్జ్ 55 లక్షలకు తీసుకుందని. అంతకు రెండు నెలల ముందే ఆ అమ్మాయి ఆస్ట్రేలియా మీద భారత జట్టుకు ఆడింది. ఎడమచేతి వాటం, మీడియం పేస్. ఆదోని అంటే నాకు పత్తి మార్కెట్, చీరల బజారు, మా మేనత్త ఇల్లు. ఆ ఊరి పిల్ల దేశానికి బంతి వేసిందా అని, చూద్దామనిపించింది.

చూస్తే తెలిసింది, ఆ లీగులో ఉన్నవి అయిదే జట్లు. ముంబై, ఢిల్లీ, బెంగళూరు, గుజరాత్, యూపీ. మన తెలుగు ఊరి పేరుతో ఒక్కటీ లేదు. కాబట్టి మనం ఊరిని బట్టి కాదు, పిల్లను బట్టి జట్టును ఎంచుకోవాలి. పుట్టింటి పిల్ల ఏ ఊరి కోడలైతే ఆ ఊరు మనకు చుట్టమైనట్టు, నాకు మొదట లక్నో వాళ్ళు చుట్టాలయ్యారు. 2024 డిసెంబరు వేలం తర్వాత ఢిల్లీ వాళ్ళు మరీ దగ్గరి బంధువులయ్యారు. ఎందుకంటే కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె పిల్ల శ్రీచరణిని ఢిల్లీ క్యాపిటల్స్ తీసుకుంది. చిత్రం చూడండి, ఆమెకూ పలికిన ధర 55 లక్షలే.

మొదటి ఏడాది ముంబై స్టేడియాల్లో ఆడవాళ్ళకు టికెట్ లేకుండానే లోపలికి పంపారు. మంచి పనే, చాలామంది వెళ్ళారు కూడా. కానీ అది చదివినప్పుడు నాకు ఒకటే అనిపించింది. టికెట్ డబ్బులు ఎవరో ఒకరు మాఫీ చేస్తారు, రాత్రి ఏడున్నర నుంచి పదకొండు దాకా ఇంటి పనిని ఎవరు మాఫీ చేస్తారు? ఆడవాళ్ళు ఆట చూడరు అనే ముందు, వాళ్ళకు కూర్చునే వేళ ఉందా అని అడగాలి గదా! మగవాడికి అభిమానం ఒక్కటే ఉంటే చాలు. ఆడదానికి అభిమానంతో పాటు ముందే పూర్తయిన వంట కూడా ఉండాలి.

అందుకని నేను వంట వేళను ముందుకు జరిపాను. మ్యాచ్ ఉన్న రోజుల్లో ఏడింటికల్లా రొట్టెలు చేసి బట్టలో చుట్టి పెట్టడం మొదలుపెట్టాను. మా అత్తగారు ఊరుకుంటారా!

"ఏంది మే, ఆడపిల్లోళ్ళ ఆట కోసం రొట్టెలు ఇప్పుడే కాలుస్తాండావా? సల్లారినాక ఎవరు తింటారు?"

"జొన్నరొట్టె సల్లారినా బాగుంటాది అత్తా, నువ్వే చెప్తావు గదా!"

ఆమె సీరియల్ ఎనిమిదింటికి. టీవీ ఒక్కటే. కొన్నాళ్ళు ఫోన్లోనే చూశాను, చార్జింగ్ వైరు అందేంత దూరంలో గోడకు ఆనుకొని. మా ఆయన మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, ఆ తర్వాత తన కంచం తనే పెట్టుకోవడం నేర్చుకున్నారు. ఇది ఒక్క సీజన్లో జరిగింది కాదు. మూడు సీజన్లు పట్టింది.

ఇంత పోరు పడి ఏం చూస్తావు అంటారేమో, చెబుతాను.

"లేడీస్ మ్యాచ్ కదా, బౌండరీ దగ్గర, బంతి తేలిక" అని తీసిపారేసే వాళ్ళున్నారు. నిజమే, బౌండరీ కొంచెం దగ్గరే. మగవాళ్ళ బంతి 156 నుంచి 163 గ్రాములు, ఆడవాళ్ళది 140 నుంచి 151 గ్రాములు. కానీ పిచ్ అదే 22 గజాలు, వికెట్లవీ అవే. బౌండరీ దగ్గరైతే కష్టం ఎవరికి? బౌలర్‌కు. బ్యాట్ అంచుకు తగిలినా నాలుగు పోయే చోట పరుగులు ఆపాలంటే బుర్ర పెట్టి వేయాలి. నాకు బౌలర్లే ఇష్టం. అందులోనూ స్పిన్నర్లు. శ్రీచరణి ఎడమచేత్తో వేసే బంతి తొందర పడదు. గాల్లో కాస్త ఆగినట్టు ఆగి, కుడిచేతి వాటం వాళ్ళను ముందుకు రమ్మని పిలిచి, నేలను తాకాక వాళ్ళకు దూరంగా జరుగుతుంది. ఒక్కోసారి జరగకుండా నేరుగా వచ్చి కాళ్ళకు తగులుతుంది. ఏది జరుగుతుందో, ఏది జరగదో తెలియకపోవడమే ఆమె పనితనం.

పరుగు రాని బంతిని హైలైట్స్‌లో చూపించరు. కూర్చుని ఆట మొత్తం చూసిన వాళ్ళకే ఆ బంతి విలువ తెలుస్తుంది. 2025 అక్టోబరు 12న విశాఖలో ప్రపంచకప్ మ్యాచ్ గుర్తుందా? మనవాళ్ళు 330 కొడితే ఆస్ట్రేలియా దాన్నీ దాటేసింది. మర్నాడు అందరూ అలీసా హీలీ 142 గురించే మాట్లాడారు. రెండు జట్లూ కలిపి 660కి పైగా పరుగులు కురిసిన ఆ రోజు మన కడప పిల్ల పది ఓవర్లు వేసి 41 మాత్రమే ఇచ్చింది, మూడు వికెట్లు తీసింది. ఓడిపోయిన మ్యాచ్ కాబట్టి ఆ లెక్క ఎవరికీ పట్టలేదు. అభిమాని పని ఆ లెక్కను గుర్తుపెట్టుకోవడమే అనుకుంటాను. అదే రోజు ఆ స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఇంకో చోట మన విజయవాడ వికెట్ కీపర్ రావి కల్పన పేరు పెట్టారు.

ఓటమి సంగతికొస్తే, ఢిల్లీ అభిమానిగా నాకు అందులో బాగా అనుభవముంది. 2023, 2024, 2025, మూడేళ్ళూ ఫైనల్‌కు వచ్చింది, మూడేళ్ళూ ఓడింది. 2025 మార్చి 15 శనివారం రాత్రి, ముంబైతో. ముంబై కొట్టింది 149. హర్మన్‌ప్రీత్ ఒక్కతే 66. శ్రీచరణి రెండు వికెట్లు తీసింది గానీ 43 పరుగులిచ్చింది. ఇరవయ్యేళ్ళ పిల్ల, అంత పెద్ద ఆటలో దెబ్బలు తిని కూడా మళ్ళీ బంతి అందుకొని పైకి ఎగరేసి వేసింది. చివర్లో మారిజాన్ కాప్ 26 బంతుల్లో 40 కొట్టి ఆశ పెట్టింది. అప్పుడు నాట్ సివర్ బ్రంట్ కాప్‌ను అవుట్ చేసి, ఆ వెంటనే వచ్చిన శిఖా పాండేను మరుసటి బంతికే పంపేసింది. 141 దగ్గర ఆగిపోయాం. ఎనిమిది పరుగులు.

ఇల్లంతా నిద్రపోయింది అనుకున్నాను. పక్కగదిలోంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "ఓడిపాయనా ఆ ఎర్రగుంట్ల పక్క పిల్ల?"

నేను ఆశ్చర్యపోయాను. ఆమెకు ఆ పిల్ల ఊరు ఎప్పుడు తెలిసింది? నంద్యాల నుంచి ఎర్రగుంట్ల రైలెక్కి మా ఆడపడుచు ఇంటికి వెళ్ళొచ్చినప్పుడు అక్కడ చెప్పారట, వాళ్ళ నాయన థర్మల్ పవర్ ప్లాంటులో పని చేస్తాడని. "పోనీలే, మళ్ళీ ఆడుతుందిలే" అని ఆమె అటు తిరిగి పడుకున్నారు. నన్ను ఓదార్చిందో, ఆ పిల్లనో!

ఆడింది కూడా. జూన్‌లో ఇంగ్లండులో తొలి టీ20లోనే 12 పరుగులకు నాలుగు వికెట్లు తీసింది. ఇక నవంబరు 2 సంగతి మీ అందరికీ తెలిసిందే. వాన వల్ల మూడింటి ఫైనల్ అయిదింటికి మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. షెఫాలి 87, దీప్తి 58తో పాటు అయిదు వికెట్లు. మనది 298, దక్షిణాఫ్రికా 246. శ్రీచరణి తీసింది ఒకే వికెట్, అన్నెకె బోష్‌ను సున్నాకే. కానీ టోర్నీ మొత్తానికి 14. సెంచరీ కొట్టిన వోల్వార్ట్ క్యాచ్ అమన్‌జోత్ చేతుల్లో రెండుసార్లు ఎగిరి మూడోసారికి నిలిచినప్పుడు మా వీధిలో అన్ని ఇళ్ళనుంచీ ఒకటే అరుపు. ఆ రాత్రి అందరూ చూశారు. మా తమ్ముడూ చూశాడు. 2005లో, 2017లో ఫైనల్ దాకా వెళ్ళి మిథాలీ వట్టి చేతులతో వచ్చిన కప్పు అది. సంతోషం కాదా!

కానీ ఫైనల్ రోజు ఎవరైనా చూస్తారు. ఏ మంగళవారమో, ఏ రెండు జట్లో ఆడుకునే రాత్రి కూడా చూసే వాళ్ళుంటేనే ఆట నిలబడుతుంది. చూసే వాళ్ళుంటేనే ప్రకటనలు, ప్రకటనలుంటేనే జీతాలు, జీతాలుంటేనే ఇంకో ఎర్రమల్లెలో ఇంకో తండ్రి "సరే ఆడుకో" అంటాడు.

ఈ మాట ఊరికే అనడం లేదు. మా తోడికోడలి కూతురు ఎనిమిదో తరగతి. కప్పు గెలిచిన వారానికే హైస్కూల్ గ్రౌండులో సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఆడపిల్లలకు క్రికెట్ నేర్పుతున్నారని తెలిసి, వెళ్తానంది. ఇంట్లో ఎవరూ ఆట వద్దనలేదు. నల్లబడతావు అని కూడా పెద్దగా అనలేదు. వచ్చిన ప్రశ్న ఒక్కటే. చీకటి పడే వేళ ఎవరు తీసుకెళ్తారు, రెండు గంటలు ఎవరు కూర్చుంటారు, ఎవరు తీసుకొస్తారు? వాళ్ళమ్మ జాకెట్లు కుడుతుంది, సాయంత్రమే గిరాకీ. వాళ్ళ నాయన వచ్చేసరికి ఎనిమిది. పిల్లకు చెయ్యి తిరుగుతుంది, బంతి ఉంది, గ్రౌండు ఉంది. లేనిది ఇంట్లో ఒక పెద్దదాని రెండు గంటలు.

"పెద్దమ్మా, నువ్వు క్రికెట్ చూస్తావు గదా" అంది నా దగ్గరికొచ్చి. ఇంకేమీ అడగలేదు.

సోమ, బుధ, శుక్రవారాలు నేను వెళ్తున్నాను. మంగళ, గురు తోడికోడలు కుట్టుపని పొద్దున్నకు మార్చుకుంది. ఆ మూడు రోజులూ మా ఇంట్లో రొట్టెల పిండి మా ఆయన కలుపుతున్నారు, ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. నేను గ్రౌండు గోడ మీద కూర్చుని కూరగాయలు తరుక్కుంటాను. ఇంకో ఇద్దరు తల్లులు కూడా వస్తున్నారు. ఆ పిల్ల ఇంకా బంతిని వికెట్ల మీదికి వేయలేకపోతోంది. పదింట్లో ఏడు పక్కకు పోతాయి. అది దేశానికి ఆడుతుందా లేదా అని నేను ఆలోచించడం లేదు. రెండు గంటలు హాయిగా పరుగెత్తి, చెమటతో, ఆకలితో ఇంటికొస్తోంది.

మళ్ళీ 2026 జనవరి 9న లీగ్ మొదలు. ఈసారి వేలంలో శ్రీచరణిని ఢిల్లీయే 1 కోటి 30 లక్షలకు తీసుకుంది, కాబట్టి మన చుట్టరికం మారలేదు. చిక్కల్లా సంక్రాంతి సరిగ్గా మధ్యలో పడింది. అరిసెలు, కజ్జికాయలు ఎనిమిదో తేదీలోపే అయిపోవాలని అత్తగారికి చెప్పాను. భోగి నాటి నువ్వుల సజ్జరొట్టెలు మాత్రం ముందు చేస్తే కుదరదు. ఆ సంగతి అడిగితే ఆమె కాసేపు ఆలోచించి, "ఆ పొద్దు మన పిల్ల ఆడే ఆట ఉందేమో చూసి చెప్పు మే, దాన్ని బట్టి చూద్దాం" అన్నారు.

మీ ఇళ్ళలో ఏడున్నరకు ఎవరెవరు ఎక్కడుంటారో నాకు రాయండి.