పై ముడత, కింది ముడత

ఇంగ్లీషు మాటకు తెలుగు మాట కట్టడం మన బ్లాగ్లోకపు పాత వ్యసనం. 2006, 2007 ప్రాంతాల్లో ఒక్కొక్క మాట కోసం రోజుల తరబడి వాదులాడుకున్నాం. పోస్టును టపా అన్నాం, అది నిలిచింది. కామెంటు వ్యాఖ్య అయింది, అదీ నిలిచింది. డౌన్‌లోడును దిగుమతి అన్నాం, దింపుకోలు అన్నాం. లోకం మాత్రం డౌన్‌లోడ్ అనే అంటున్నది. మౌసును మూషికమన్న వారినీ, ఎలుక అన్న వారినీ చూసి నవ్వుకున్నాం కూడా. ఆ వాదాలు జోరుగా నడిచే రోజుల్లోనే నాకొక సందేహం ఉండేది, ఇప్పటికీ ఉంది. నిత్యవ్యవహారంలోకి వచ్చిపడే పరాయి సంగతులకు పేర్లు పెట్టే పని మనకంటే ముందు, మనకంటే తొందరగా, మనకు లేని నష్టభయంతో చేసినవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళనెవరూ ఎందుకు అడగరు? వాళ్ళు మా పల్నాటి మిరప రైతులు, ప్రత్తి రైతులు.

మిరపతోటలో ఆకు ముడుచుకుపోయే జాడ్యం ఒకటుంది. ఇంగ్లీషులో లీఫ్ కర్ల్ అంటారు. పదానికి పదం పెడితే ఆకుముడత. అనువాదకుడి పని అక్కడితో అయిపోతుంది. కానీ అక్కడితో ఆగితే రైతు మునుగుతాడు. తామర పురుగులు, అంటే త్రిప్స్, రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి దోనెలాగా ముడుచుకుంటాయి. నల్లి పడితే అంచులు కిందికి వంగి ఆకు బోర్లించిన పడవలా అవుతుంది, కాడ సాగుతుంది. మొదటిది పై ముడత, రెండవది కింది ముడత. గురజాల అవతల ఏ చేలోకి దిగినా ఈ రెండు మాటలూ వినబడతాయి.

ఈ భేదం అలంకారం కోసం వచ్చింది కాదు. నల్లి పురుగు జాతిది కాదు, ఎనిమిది కాళ్ళతో సాలెపురుగుకు దగ్గర చుట్టం. పురుగును చంపే మందుల్లో చాలావాటికి అది చావదు సరికదా, దాన్ని తినే మిత్రపురుగులు చచ్చిపోయి మరింత పెరుగుతుంది. కాబట్టి పై ముడతకు కొట్టవలసిన మందు కింది ముడతకు కొడితే డబ్బూ పోతుంది, తోటా పోతుంది. ఇక వైరస్ వల్ల వచ్చే ముడత మూడవది. దాన్ని బొబ్బర అంటారు. దానికి ఏ మందూ లేదు, మొక్కను పీకి పారెయ్యవలసిందే. ఇంగ్లీషు వాడుకలో ఒక్క మాట కింద సర్దుకుపోయినవి తెలుగులో మూడైనాయి. మూడింటికీ మూడు చికిత్సలు, అందులో ఒకటి చికిత్స లేకపోవడం. నిఘంటువులో ఆకుముడత అన్న ఒక్క అర్థం చూసి సంతృప్తిపడే మనబోటి వాళ్ళు ఇక్కడ కాసేపు నిలబడాలి.

పేనుబంక అన్న మాట చూడండి. ఇంగ్లీషులో దాని పేరు ఎఫిడ్. ఆ పేరులో ఇంగ్లీషువాడికి కూడా ఏమీ కనబడదు. తెలుగు మాటలో పేనులా గుంపుకట్టి ఆకును పట్టుకునే రూపమూ ఉంది, అది విసర్జించే తీపి జిగురూ ఉంది. చేత్తో ఆకు తడిమినవాడు పెట్టిన పేరది. వైట్‌ఫ్లైను మనవాళ్ళు తెల్లదోమ అన్నారు. మక్కికి మక్కి చేసేవాడయితే తెల్ల ఈగ అని ఉండేవాడు. శాస్త్రం ప్రకారం అది ఈగా కాదు, దోమా కాదు. పేనుబంకకూ పిండినల్లికీ దగ్గర. ఇద్దరూ తప్పే అన్నారు, ఇద్దరికీ పని జరిగింది. చెట్టు కదిలిస్తే పొగలా లేచేది ఈగ అనిపించలేదు మా వాళ్ళకు, దోమ అనిపించింది. 1980ల చివర గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిని ఆ తెల్లదోమే దెబ్బతీసింది. ఆ రెండు మూడేళ్ళలో ఆ పేరు తెలియని ఇల్లు మా వైపు మిగల్లేదు.

కొత్త పేర్లు ఇప్పటికీ పుడుతున్నాయి. 2021లో మిరప పూతలో చేరి కాయ నిలవకుండా చేసిన కొత్తరకం త్రిప్స్ వచ్చింది. దాని లాటిన్ పేరులో పార్విస్పైనస్ అని ఉంటుంది. ఆ పంటకాలం ముగిసేలోపే అది నల్ల తామర పురుగు అయిపోయింది. శాస్త్రవేత్తలూ అదే అన్నారు, పత్రికలూ అదే రాశాయి. ఏ సంఘమూ కూర్చుని తీర్మానం చెయ్యలేదు. (పట్నం పిల్లలకు తామర అంటే కొలనులో పువ్వు. వారితో ఈ సంగతి మాట్లాడేటప్పుడు కొంచెం ఓపిక పట్టాలి.)

ఇటువంటి మాటలను పోగుచేసి గౌరవించిన పని మన భాషలో జరగకపోలేదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం పూర్తిగా వ్యవసాయం మాటలదే. భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకులు. జిల్లాల వారీగా పల్లెలు తిరిగి, నాగలి భాగాల దగ్గర నుంచి నూర్పిళ్ళ దాకా ఏ ఊళ్ళో దేన్ని ఏమంటారో రాసుకున్నారు. ఆ పుస్తకం వచ్చేనాటికి మా వైపు నాగార్జునసాగర్ కట్ట ఇంకా లేస్తూనే ఉంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్ళు. అంటే కుడికాలువ నీటితో వచ్చిన మాటల వెల్లువ ఆ కోశం తరువాతి సంగతి. పల్నాటి మెట్టభూములకు నీళ్ళతోపాటు ఒక భాష కూడా వచ్చింది. మేజరు, మైనరు అన్నవి మా ఊళ్ళో కాలువల పేర్లు, వయసుకు సంబంధించినవి కావు.

ఆ భాషలో నాకెంతో ఇష్టమైన మాట ఆరుతడి. ఇంగ్లీషు కాగితాల్లో దాన్ని ఇరిగేటెడ్ డ్రై అంటారు. తడిపిన పొడి! విన్నవాడు నవ్వాలి. వరికి పెట్టినట్టు నీళ్ళు నిలగట్టకుండా, నేలను ఆరనిచ్చి మళ్ళీ ఒక తడి ఇచ్చే పద్ధతిని ఆరుతడి అన్న తెలుగు మాట ఎంత తేటగా చెబుతున్నదో చూడండి. ఇంగ్లీషులో వైరుధ్యంగా కనిపించింది తెలుగులో ఒకదాని వెంట ఒకటి జరిగే పనిగా మారింది. ఇంకొక వింత కూడా చెప్పాలి. మనం సాఫ్ట్‌వేరు తెలుగు చెయ్యడాన్ని స్థానికీకరణ అంటూ లోకలైజేషన్‌కు మాట వెతుక్కున్నాం. నీటిపారుదల కాగితాల్లో లోకలైజేషన్ అంటే ఏ చెక్క మాగాణి, ఏ చెక్క ఆరుతడి అని నిర్ణయించి గీత గీయడం. ఆ గీతకు ఇవతల పడ్డవాడికి ఒక బతుకు, అవతల పడ్డవాడికి ఒక బతుకు.

అన్నిటికీ తెలుగు మాట పుట్టిందని నేననను. డ్రిప్పును ప్రభుత్వం బిందుసేద్యం అన్నది, అందమైన మాట. రైతు డ్రిప్పు అనే అంటాడు. కోల్డ్ స్టోరేజీ పత్రికల్లో శీతల గిడ్డంగి. మిర్చి రైతు దాన్ని ఏసీ చేసేశాడు. కాయలు ఏసీలో పెట్టాం అంటాడు. గుంటూరు యార్డులో ఏసీ సరుకు ధర వేరు, మామూలు సరుకు ధర వేరు. రంగు పోయి తెల్లబడిన కాయలను తాలు అంటారు. ఆ మాట ఇప్పుడు ఇంగ్లీషు ధరల పట్టికల్లో కూడా తాలుగానే అచ్చవుతోంది. అవసరం వాళ్ళదైనప్పుడు వాళ్ళూ మన మాట తీసుకోక తప్పదు.

చిన్న భాషలన్నింటికీ ఈ తిప్పలున్నాయి. డెన్మార్కు వాళ్ళకు భాషామండలి ఏర్పడింది కూడా 1955లోనే. కంప్యూటరుకు వాళ్ళు డేటామాట్ అని ముచ్చటైన మాట కట్టుకున్నారు. డేటా, ఆటోమాట్ కలిపిన మాట. కొన్నాళ్ళు నడిచి వెనకబడింది, ఇప్పుడు వాళ్ళూ కంప్యూటర్ అనే అంటున్నారు. మౌసు విషయంలో మాత్రం వాళ్ళకు చిక్కు రాలేదు. ఎలుకకు వాళ్ళ మాట మూస్. ఇంగ్లీషుకు అక్కచెల్లెలి వరస కాబట్టి అదే బల్ల మీదికీ ఎక్కింది, ఎవరూ నవ్వలేదు. మనకు ఆ చుట్టరికం లేదు. మన మాట ఇంగ్లీషు మాట పక్కన నిలబడితే వేషం వేసుకున్నట్టుంటుంది. మౌసు పక్కన ఎలుకకు నవ్వు వచ్చింది అందుకే. (ఆ డేనిష్ రాజుగారి తరంగంబాడి మిషనుకు వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని, 1740లలో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. ఆ కథ ఇంకోసారి.)

ఇంతసేపూ తప్పించుకు తిరుగుతున్న మాట ఒకటుంది. మందు. రోగికిచ్చేది మందు, సీసాలో సారా మందు, చేలో చల్లే ఎరువు మందు కట్ట, తుపాకిలో దట్టించేది మందు, చెట్టుకు కొట్టేది పురుగుమందు. పెస్టిసైడ్ అన్న ఇంగ్లీషు మాట చివర చంపడం ఉంది. తెలుగు చేసేసరికి అది నయం చేసేదైంది. ఎవరో మోసం చేసి అలా అనువదించలేదు. రైతు కళ్ళముందు జబ్బు పడింది తోట, తోటకు వేసేది మందే. ఆ చూపులో అబద్ధం లేదు. కానీ ఆ సీసా ఇంట్లోకి వచ్చాక, వంటగది గూట్లోనో, వసారాలో బస్తాల వెనకనో కూర్చున్నాక, దాని పేరు మందుగానే ఉండిపోయింది. మా వైపు ఎవరైనా వచ్చి ఫలానావాడు మందు తాగాడు అంటే, ఏ మందో మళ్ళీ అడగరు. చెప్పేవాడి గొంతును బట్టి తెలుస్తుంది. పంట పోయిన ఏడాదుల్లో ఆ గొంతు ఎన్నిసార్లు విన్నామో మా తరానికి గుర్తు.

చట్టం ఈ ప్రమాదాన్ని ఊహించకపోలేదు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద 1971లో వచ్చిన నియమాల ప్రకారం, డబ్బా మీద హిందీ, ఇంగ్లీషులతోపాటు ఆ ప్రాంతపు భాషలో కూడా రాయాలి, లోపల కరపత్రం పెట్టాలి. మూల మీద నిలబెట్టిన చదరం బొమ్మ, అందులో కింది సగానికి రంగు: అతివిషానికి ఎరుపు, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పై రెండు తరగతులకూ పాయిజన్ అని, మూడవదానికి డేంజర్ అని, నాలుగవదానికి కాషన్ అని రాయాలి. తెలుగులో విషం, ప్రమాదం, జాగ్రత్త. మన చెవికి విషం కంటే ప్రమాదం తక్కువదని ఎవరు చెప్పాలి? ఆకుపచ్చ అంటే కొంచెమే విషమని కాక, పచ్చగా ఉంచేదని అనుకుంటే తప్పెవరిది?

సెలవుల్లో ఊరు వెళ్ళినప్పుడు ఆ కరపత్రాలు చదివి పెట్టే పని నాది. అక్షరాలు గసగసాలంత. భాష చూస్తే, వాయుగమనమునకు అభిముఖముగా పిచికారీ చేయరాదు అన్న ధోరణి. మా నాయన సగం విని ఆపేవాడు. “గాలికెదురు కొట్టొద్దంటన్నాడు, అంతేగా” అనేవాడు. అంతే. తెలుగు నుంచి తెలుగులోకి ఆయన చేసిన అనువాదంలో ఒక్క ముక్క తగ్గలేదు. విరుగుడు అన్న మాట మాత్రం కరపత్రంలోనూ అదే, ఊళ్ళోనూ అదే. ఆ ఒక్క మాట దగ్గర అచ్చుకూ నోటికీ మధ్య గోడ లేదు.

ఈమధ్య అటువంటి కరపత్రం ఒకటి ముందు పెట్టుకుని మా వైపు తెలుగులో తిరగరాయడం మొదలుపెట్టాను. అన్నీ సాగాయి గాని ఒక్కచోట బండి ఆగింది. మందు కొట్టిన తరువాత ఇన్ని రోజులు కాయ కొయ్యకూడదని ఒక గడువు ఉంటుంది. ఇంగ్లీషులో వెయిటింగ్ పీరియడ్. కరపత్రాల తెలుగులో వేచి ఉండవలసిన కాలం. వేచి ఉండటానికి అదేమన్నా రైలా? ఈ సంగతికి రైతు నోట కూడా మాట లేదు. అన్ని ముడతలకూ పేరు పెట్టినవాడు దీనికి పెట్టలేదంటే, దీని నష్టం తోటకు కనబడదు కాబట్టి అనుకుంటాను. ఆ నష్టం తెల్లవారుజామున ఆటోల్లో వచ్చి, ఒళ్ళో కాయలు పోసుకుంటూ, ఆ చేతుల్తోనే మధ్యాహ్నం సద్ది తినే కోతకూలీ ఆడవాళ్ళది. తరువాత తినేవాళ్ళది.

మొదట మైల అన్న మాట తోచింది. తోట ఏడు రోజులు మైలలో ఉంది అంటే ఎవరికీ విడమరచనక్కర్లేదు, రోజులు లెక్కపెట్టడం కూడా అందులోనే ఉంది. కానీ ఆ మాట ఎవరెవరిని ఎక్కడెక్కడ బయట నిలబెట్టిందో తలుచుకుంటే, కూలికి వచ్చే ఆ ఆడవాళ్ళ ముందు దాన్ని అనడానికి నాకు నోరు రాలేదు. కొట్టేశాను. తరువాత పత్యం తట్టింది. మందు పడితే పత్యం ఉంటుందని పసిపిల్లకు కూడా తెలుసు. తోటకు మందు వేశాం, ఇక ఏడు రోజులు పత్యం.

మొన్న ఊళ్ళో వరసకు బాబాయి అయ్యే ఒక రైతుకు ఆ కాగితం ఇచ్చి ఏమీ చెప్పకుండా కూర్చున్నాను. చదివి, వేళ్ళ మీద లెక్క వేసుకుని, “అయితే మన తోటకు ఆదివారం దాకా పత్యం ఉందిరా, కూలోళ్ళను సోమారం రమ్మనాలి” అన్నాడు. పక్కనే ఉన్న పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. పత్యం మందు మింగినవాడికి గానీ కోసేవాడికి, తినేవాడికి ఏమిటన్నాడు. ఆ ఆక్షేపణలో న్యాయముంది. నాకు ఇంకా జవాబు దొరకలేదు. వరంగల్లు వైపు, ఖమ్మం వైపు, కర్నూలు వైపు మిరప వేసే ఊళ్ళ మిత్రులెవరైనా ఈ టపా చదువుతుంటే, మందు కొట్టాక ఆగవలసిన ఆ రోజులను మీ దగ్గర ఏమంటారో వ్యాఖ్యల్లో రాయండి. ఏ మాటా లేదంటే అది కూడా రాయండి.