గత 12 నెలల్లో

ప్రశ్న చాలా మామూలుగా ఉంది. గత 12 నెలల్లో మీరు సిగరెట్, బీడీ, గుట్కా, ఖైనీ లేదా మరే రూపంలోనైనా పొగాకు వాడారా? దాని కింద రెండు గుండ్రాలు. అవును, కాదు. 'కాదు' నొక్కితే స్క్రీన్ మీద కుడివైపు 16,800 అని వస్తుంది. 'అవును' నొక్కితే అది 27,900 అవుతుంది. ఒక గురువారం రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఆ రెండు గుండ్రాల మధ్య చాలాసేపు అటూ ఇటూ తిరిగాను. నొక్కినప్పుడల్లా అంకె మారుతోంది. ఇలాంటి పేజీలు కట్టే బతుకుతున్నాను కాబట్టి దాని వెనక ఏముంటుందో నాకు తెలుసు. ఒక షరతు, ఒక గుణకారం. అంతకుమించి ఏమీ ఉండదు. అయినా ఆ అంకె నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

కోటి రూపాయల టర్మ్ పాలసీ, 36 ఏళ్ల మగవాడు, 65 ఏళ్లు వచ్చేదాకా. తేడా ఏడాదికి 11,100. 29 ఏళ్లకి 3,21,900. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు కదా, అప్పట్నుంచి ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర అందరూ టర్మ్ పాలసీల గురించే మాట్లాడుతున్నారు. ఇంటి లోనుంది, ఆరేళ్ల పాప ఉంది, ఇంకెప్పుడు తీసుకుంటానని నేనూ మొదలుపెట్టా.

నిజానికి నేను పెద్ద స్మోకర్నేం కాదు (స్మోకర్లందరూ చెప్పే మాటే ఇది). రోజుకి మూడు. ఆఫీసు క్యాబ్ దిగాక ఒకటి, భోజనం అయ్యాక ఒకటి, సాయంత్రం టీతో ఒకటి. ఇంట్లో తాగను. శని, ఆదివారాలు తాగను. పెట్టె కొనను, డబ్బా కొట్లో లూజుగా కొంటా. పెట్టెకి రెండువైపులా 85 శాతం మేర బొమ్మల హెచ్చరిక వేయాలన్న నిబంధన 2016 నుంచీ ఉంది కానీ, లూజుగా కొనేవాడికి ఆ బొమ్మ కనపడదు. అది కొట్టువాడి వైపు తిరిగి ఉంటుంది. ఇక మా ఆవిడ లెక్క ప్రకారమైతే, పాప పుట్టిన రోజున నేను సిగరెట్ మానేశాను.

ఫారానికి ఈ వివరాలేవీ అక్కర్లేదు. మన దేశంలో చాలా కంపెనీలకి రోజుకి ఒకటి కాల్చేవాడూ ఇరవై కాల్చేవాడూ ఒకే గడిలోకి వస్తారు. నికోటిన్ చూయింగ్ గమ్ నమిలి మానేద్దామని తంటాలు పడేవాడు కూడా పరీక్షలో ఆ గడిలోనే తేలొచ్చు. కథల్లో పాత్రలు మరీ నలుపూ తెలుపుగా ఉంటే విసుక్కుంటూ సమీక్షలు రాసే అలవాటు నాది. ఈ ఫారం రాసినవాడికి అలాంటి పట్టింపులు లేవు. 'అప్పుడప్పుడు' అనే మూడో గుండ్రం వాడు పెట్టలేదు.

ఇంకో విషయం కూడా ఆ రాత్రే గమనించా. రోజుకి మూడు, ఒక్కోటి ఇరవై. వారానికి ఐదు రోజులు. ఏడాదికి 15,600. పదిహేనేళ్లుగా ఆ డబ్బు పోతూనే ఉంది, ఒక్కరోజూ లెక్క వేయలేదు. దానికంటే తక్కువే అయిన 11,100 చూడగానే కడుపులో తిప్పినట్టయింది. సిగరెట్ ధర నేనిచ్చేది. ఇది ఎవరో నాకు కట్టిన ధర.

అదేమీ తిట్టు కాదని తెలుసు. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు 1951లో దేశంలోని డాక్టర్లందరికీ పొగతాగే అలవాటు గురించి ఒక చిన్న ప్రశ్నాపత్రం పంపారు. జవాబిచ్చినవాళ్లలో 34 వేలమందికి పైగా ఉన్న మగ డాక్టర్లని, ఎవరు ఎప్పుడు దేనివల్ల పోయారో రాసుకుంటూ, 50 ఏళ్లపాటు గమనించారు. 2004లో అచ్చయిన ఫలితాల ప్రకారం, జీవితాంతం సిగరెట్ తాగినవాళ్లు తాగనివాళ్లకంటే సగటున పదేళ్లు ముందు పోయారు. 60 ఏళ్లకి మానేస్తే అందులో మూడేళ్లు వెనక్కొస్తాయి. 50కి మానేస్తే ఆరు, 40కి మానేస్తే తొమ్మిది, 30కే మానేస్తే దాదాపు పదీ. బీమా కంపెనీలు కూడా తొందరపడి ఏమీ ఈ తేడా పెట్టలేదు. అమెరికాలో సర్జన్ జనరల్ రిపోర్టు వచ్చిన 1964లోనే అక్కడ ఒక కంపెనీ పొగ తాగనివాళ్లకి తక్కువ ప్రీమియం అని మొదలుపెట్టింది. మొదట అది తాగనివాళ్లకి ఇచ్చిన రాయితీ. మా వరకు వచ్చేసరికి తాగేవాళ్లకి వేసిన జరిమానాలా కనిపిస్తోంది, అంతే.

నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఆ ప్రశ్నాపత్రం. ఆ డాక్టర్లు నిజం రాశారు, ఎందుకంటే వాళ్లకి దాని పక్కన అంకె మారలేదు.

మా టీమ్‌లో ఒకతను దారి చెప్పాడు. "మెడికల్‌కి పది రోజుల ముందు ఆపెయ్. టెస్ట్ క్లియర్ అయ్యాక మూడేళ్లు బతుకు చాలు. ఆ తర్వాత వాళ్లేం చెయ్యలేరు." అతను గాలికి చెప్పిన మాట కాదది. రక్తంలో నికోటిన్ రెండు గంటల్లో సగమైపోతుంది. శరీరం దాన్ని కోటినిన్ అనే ఇంకో పదార్థంగా మారుస్తుంది. అది సగమవడానికి 16 నుంచి 20 గంటలు పడుతుంది. అందుకే కంపెనీలు వెతికేది కోటినిన్‌ని. మొన్న కాల్చిన సిగరెట్ కూడా ఇవాళ్టి మూత్రంలో ఉంటుంది. కానీ పది రోజులు ఆగితే మామూలుగా దొరకదు. ఇక మూడేళ్ల సంగతి 1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షన్. 2015లో దాన్ని సవరించాక, పాలసీకి మూడేళ్లు నిండితే మోసం జరిగిందన్న కారణంతో కూడా కంపెనీ దాన్ని ప్రశ్నించడానికి లేదు. ఏళ్ల తరబడి ప్రీమియం కట్టించుకుని, మనిషి పోయాక పాత తప్పులు తవ్వి తీసే అలవాటుకి వేసిన అడ్డుకట్ట అది. మంచి చట్టమే. మా వాడు దాన్ని వెనకనుంచి చదివాడు. మూడేళ్లు బతికితే అబద్ధానికి కాలం చెల్లిపోతుంది.

మూడేళ్లలోపే పోతే?

మా బాబాయి పోయింది పాలసీ తీసుకున్న ఏడాదిన్నరకి. ప్రకాశం జిల్లాలో కొండపి దగ్గర మాకు పొగాకు చేను ఉండేది. బాబాయి బ్యారన్ దగ్గర రాత్రిళ్లు మంట చూసుకుంటూ, ఆకు మరీ కమిలిపోకుండా కాపలా కాస్తూ సిగరెట్ మీద సిగరెట్ కాల్చేవాడు. ఆయన ఆకు బోర్డు వేలం కేంద్రానికి వెళ్లేది. కొన్నవాళ్ల చేతుల్లోంచి ఎక్కడెక్కడో తిరిగి, సిగరెట్టయి మళ్లీ మా ఊరి బడ్డీ కొట్టుకే వచ్చేది. ఎల్ఐసీకి ఐటీసీలో సుమారు 15 శాతం వాటా ఉందని పెద్దయ్యాక తెలిసినప్పుడు నాకు పెద్దగా ఆశ్చర్యం వెయ్యలేదు. పొగాకు డబ్బులు ఎటు తిరిగి ఎటొస్తాయో మా ఇళ్లల్లో ఎవరూ అడగరు.

2006 చివర్లో, చుట్టం వరసయ్యే ఒక ఏజెంటు ఇంటికొచ్చి బాబాయి చేత ఐదు లక్షల పాలసీ కట్టించాడు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఫారం ఇంగ్లీషులో ఉంది. బాబాయి సంతకం పెట్టాడు, మిగతాదంతా ఆ చుట్టమే నింపాడు. మద్యం తాగుతారా, పొగాకు వాడతారా, గుండె జబ్బుందా, షుగరుందా అనే ప్రశ్నల వరసలో పైనుంచి కిందిదాకా 'లేదు, లేదు, లేదు' అని రాసుకుంటూ పోయాడు. మోసం చేద్దామని కాదు. ఫారం అలాగే నింపుతారనుకున్నాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఎదురుగా బాబాయి సిగరెట్ కాలుస్తూనే ఉండి ఉంటాడు.

2008 వేసవిలో బాబాయికి గుండెపోటు వచ్చింది. 44 ఏళ్లు. ఒంగోలు తీసుకెళ్లారు. రెండు రోజులున్నాడు. మొదటి రోజు డ్యూటీ డాక్టరు అలవాట్లేమిటని అడిగితే, 20 ఏళ్లుగా రోజుకో పెట్టె అని బాబాయే చెప్పాడు. బతకాలనుకునే మనిషి డాక్టరు దగ్గర అబద్ధమాడడు కదా. ఆయన చెప్పింది కేస్ షీట్‌లో ఒక లైనుగా ఎక్కింది. ఆర్నెల్ల తర్వాత కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది.

అప్పుడు నేను ఇంజనీరింగ్ రెండో ఏడు. సంక్రాంతి సెలవలకి వెళితే పిన్ని ఆ కవరు నా చేతికిచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు తెలిసినవాణ్ణి నేనే. మొదటిసారి చదివి అర్థం కానట్టు మళ్లీ చదివా. కేస్ షీట్‌లోని ఆ లైను, ఫారంలోని ఆ 'లేదు', పక్కపక్కన పెట్టి రాశారు. ముఖ్యమైన వాస్తవాన్ని దాచిపెట్టినందున క్లెయిము తిరస్కరించడమైనది. అప్పటి నిబంధన రెండేళ్లు. బాబాయి ఆ రెండేళ్లు కూడా ఉండలేదు. తెలుగులో ఎలా చెప్పాలో తెలియక, "బాబాయి సిగరెట్ సంగతి దాచాడంట పిన్నీ, అందుకని ఇవ్వరంట" అన్నా.

పిన్ని ఏడవలేదు. "ఆయన ఎవరికాడ దాచాడ్రా? ఊరంతా చూస్తానే తాగాడు గదా" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఫిర్యాదు చెయ్యొచ్చని, పైన అంబుడ్స్‌మన్ ఉంటాడని నాకప్పుడు తెలీదు, చెప్పేవాళ్లూ లేరు. ఆ చుట్టం మా ఇళ్లకి రావడం మానేశాడు. పిన్ని రెండెకరాలు కౌలుకిచ్చి, కుట్టు మిషన్ పెట్టుకుని తమ్ముణ్ణి చదివించింది. చదివించగలిగింది కాబట్టి మా ఇళ్లల్లో ఇప్పుడు ఆ ఐదు లక్షల ఊసు ఎవరూ ఎత్తరు.

ఆ గురువారం రాత్రి నాకు అర్థమైంది ఇదొక్కటే. మామూలుగా మనం అబద్ధం ఆడితే దొరికేది మనమే. దొరుకుతామన్న భయమే సగం మందిని ఆపుతుంది. ఈ ఫారంలో ఆడే అబద్ధంలో మాత్రం నేను దొరికే ప్రసక్తే లేదు. ఎవరైనా వచ్చి అడిగేసరికి నేనుండను. కవరు చింపి చదువుకోవాల్సింది వేరే మనిషి. నాలుగు పేజీల తర్వాత అదే ఫారంలో నామినీ పేరు రాయమంటారు కదా, ఆ మనిషి. ఏడాదికి 11,100 మిగిల్చేది నేను, దానికి పూచీ తను. పైగా ఆ పూచీ పడ్డ సంగతి తనకి తెలియదు.

'అవును' నొక్కా. ధైర్యం అనుకోకండి. నొక్కాక కూడా నాకు ఆ డబ్బు మీదే బాధగా ఉంది.

రెండు రోజుల తర్వాత మెడికల్ కాల్ వచ్చింది. ఈ సంభాషణ రికార్డు అవుతుందని చెప్పి, ఎవరో అమ్మాయి ప్రశ్నలు చదువుతూ పోయింది. పొగాకు వాడతారా సర్? అవును. రోజుకి ఎన్ని సర్? మూడు. ఎన్నేళ్ల నుంచి సర్? పదిహేను. ఓకే సర్. ఆ 'ఓకే'లో ఏమీ లేదు, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. పదిహేనేళ్లలో ఈ మాట ఇంత తేలిగ్గా ఎవరికీ చెప్పలేదు నేను.

పాలసీ కాగితాలు వచ్చాక, ఎక్కడున్నాయో తెలియాలి కదా అని మా ఆవిడకి చూపించా. చూపించకపోతే తీసుకుని ఏం లాభం. తను మొదటి పేజీ చదివింది, రెండో పేజీ దగ్గర ఆగింది. స్మోకర్ అని స్పష్టంగా ఉంది. నేను ఏదో మొదలుపెట్టబోయా.

"నాకు తెలుసులే. నీ షర్టులు మెషీన్లో వేసేదెవరనుకున్నావ్?" అంది. ఆ మాటతో నా గుండె కాస్త కుదుటపడింది. తను కాగితాలు మడిచి కవర్లో పెడుతూ ఇంకో మాట అంది. "ఆ ఫోన్లో అమ్మాయికి అరనిమిషంలో చెప్పేశావన్నమాట. నాకు చెప్పడానికి ఆరేళ్లు పట్టింది. అది కూడా నువ్వు చెప్పలేదు, కాగితం చెప్పింది."

దీనికీ నా దగ్గర జవాబు లేదు.

మానేశావా అని మీరు అడుగుతారని తెలుసు. 40కి ఇంకా నాలుగేళ్లున్నాయి, డాల్ లెక్కలో తొమ్మిదేళ్లు ఇంకా చేజారలేదు. మధ్యాహ్నంది మానేశా. ఉదయంది వారంలో రెండు మూడు రోజులు మానగలుగుతున్నా. సాయంత్రం టీతోది అలాగే ఉంది. మా ఆవిడ రోజూ ఏమీ అడగదు. ఎప్పుడైనా అడిగితే మాత్రం ఎన్నో అంకె చెబుతున్నా. నిన్న రెండు.