థింసా వరస నిలువు ఫోన్లో పట్టదు

మా ఊళ్లో ఒక వీడియో తీస్తే అది నాలుగు చోట్లకు పోతుంది: యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్. తీయడం ఒక్కసారే, పెట్టడం నాలుగుసార్లు. అరకు చుట్టుపక్కల చాలా ఊళ్ల నుంచి ఇప్పుడు మన పిల్లలు ఈ పని చేస్తున్నారు. బొంగులో చికెన్, కాఫీ పండ్ల కోత, ఇటుకల పండుగ, పెళ్లిలో థింసా. నేనూ కొన్నేళ్లుగా చేస్తున్నాను. డబ్బులొస్తాయా అని అందరూ అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, పెద్ద వీడియోలతోనైతే ఏడాదిలో 4,000 గంటలు జనం చూసి ఉండాలి. ఆ గీత దాటనివాళ్లే ఎక్కువ. నేనూ దాటలేదు.

ఇక థింసా సంగతి. ఆడవాళ్లు వీపుల వెనక చేతులు కలిపి వరస కడతారు. ముందున్నామె అడుగు మారిస్తే ఆ మార్పు వరస చివరిదాకా పాకుతుంది. తుడుం, మోరి, కిరిడి మోగుతుంటే ఆ వరస పాములా చుట్ట చుట్టుకుని మళ్లీ విడిపోతుంది. ఇది అడ్డంగా సాగే ఆట. ఫోను అడ్డంగా పెడితేనే పడుతుంది. రీల్సుకీ షార్ట్సుకీ కావలసింది నిలువు బొమ్మ. నిలువుగా తీస్తే ఇద్దరో ముగ్గురో పడతారు, వరస తెగిపోతుంది.

ఒక పెళ్లిలో అడ్డంగా తీసి, పదకొండు నిమిషాల వీడియో యూట్యూబ్‌లో పెట్టాను. వారం తిరక్కుండానే ఎవరిదో ఒక పేజీ అందులోంచి వరస మధ్యలో ఉన్న ఒక్క మనిషిని నిలువుగా కత్తిరించింది. మోరి, తుడుం తీసేసి సినిమా పాట అతికించింది. ఆ మనిషి నాకు పిన్ని వరస. కొడుకు ఫోన్లో చూపిస్తే ఆవిడ అడిగిన మాట ఇది: "మిగతావోళ్లేరి బాబూ? నేనొక్కదాన్నే పిచ్చిదాన్లా ఎగురుతున్నానేటి?" కాపీరైట్ ఫిర్యాదు పెట్టాను. అసలు వీడియో తేదీతో సహా నా ఛానల్లో ఉంది కాబట్టి లింకు ఇస్తే సరిపోయింది, కొన్నాళ్లకు తీసేశారు. అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ముక్కను ఎవరు తీస్తారు?

అందుకే ఇప్పుడు నిలువు వీడియో వేరేగా తీస్తున్నాను. అడుగులు, తుడుం మీద పుల్లలు, మోరి ఊదే తాత బుగ్గలు. ఇవి నిలువులో బాగా పడతాయి. పూర్తి వరస మాత్రం అడ్డంగానే, యూట్యూబ్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ. ఫేస్‌బుక్‌లో చూసేది ఎక్కువగా విశాఖలో ఉద్యోగాలు చేసే మనవాళ్లు, టీచర్లు. వాళ్లు ఓపికగా చూస్తారు. అన్నిటికన్నా ముందు మా ఊరి వాట్సాప్ గ్రూపు. అక్కడ ఒక పూట ఉంచుతాను, ఎవరైనా వద్దంటే బయటికి పోదు. గ్రూపులో మామూలుగా పంపితే బొమ్మ నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉంటుంది.

అనుమతి అనేది నాలుగు చోట్లకూ ఒకటే కాదు. మా ముసలమ్మలకు అన్నీ "ఫోనే". అందుకే ఇక్కడ మనకు తెలిసినవాళ్లు చూస్తారు, ఇక్కడ ఎవరో తెలియనివాళ్లు చూస్తారు అని తెరిచి చూపించి అడుగుతాను. కొందరు మొదటిదానికి సరే అంటారు, రెండోదానికి వద్దంటారు. సంప్రదాయాలనూ సంస్కృతినీ కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని 1996 నాటి పెసా చట్టంలోనే ఉంది. మా ఊళ్లో పెద్దలు కూర్చుని, పూజారి పూజ చేసే చోట ఫోను తీయకూడదన్నారు, పాటలూ ఆటలూ తీసుకోవచ్చన్నారు. వేట సంగతి వేరు. 1972 వన్యప్రాణి చట్టం కింద సరదాకి పెట్టిన వీడియోనే కేసులో సాక్ష్యం అవుతుంది. ఆశ్రమ పాఠశాలల మాస్టార్లకు ఒక్క మాట: పిల్లల డాన్సు స్టేటస్‌లో పెట్టేముందు అమ్మానాన్నల్ని అడగండి. యూనిఫాం మీద బడి పేరు చదవడానికి ఎవరికైనా ఒక్క క్షణం చాలు.

2020 జూన్ 29న ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్ పోయింది. నాకు తెలిసిన కుర్రాళ్లు ఫోన్లో జాగా చాలక వీడియోలు చెరిపేసి టిక్‌టాక్‌లోనే ఉంచుకున్నారు. వాళ్లలో ఒకడి దగ్గర చనిపోయిన వాళ్ల నానమ్మ పాట ఉండేది. అసలు కాపీ మెమరీ కార్డులోనో హార్డ్ డిస్కులోనో ఉంచుకుంటే, ఏ యాప్ మూతపడినా ఇంకోచోట పెట్టుకోవచ్చు. ఒక యాప్ నుంచి దాని గుర్తుతో సహా దించుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినా లాభం లేదు, అలాంటి రీల్స్‌ని అది కొత్తవాళ్లకు పెద్దగా చూపించదు.

మా ఊళ్లో సిగ్నల్ ఒక రాయి మీద మాత్రమే దొరుకుతుంది, అదీ అప్‌లోడుకు చాలదు. సంత రోజు అరకు వెళ్లి అన్నీ ఒకేసారి ఎక్కిస్తాను. యూట్యూబ్ స్టూడియోలో ఏ రోజు ఏ గంటకు బయటికి రావాలో పెట్టేయవచ్చు. ఫేస్‌బుక్‌కీ ఇన్‌స్టాగ్రామ్‌కీ కలిపి మెటా బిజినెస్ సూట్ ఉంది. వారం పనిని రెండు గంటల్లో ముగించుకుని, ఉప్పూ పప్పూ కొనుక్కుని ఇంటికొస్తాను. కామెంట్లు మాత్రం నాలుగు చోట్లా ఒక్కడే చూడలేడు. ఆడపిల్లలున్న వీడియోలకు కామెంట్లు మూసేస్తాను. చూసేవాళ్లు తగ్గుతారని నేస్తాలంటారు. తగ్గనీ.

ఎక్కువ సమయం పట్టేది సబ్‌టైటిళ్లకు. కువి పాటకు యూట్యూబ్ తనంతట తాను అక్షరాలు వేయదు. సమంతుల ఊరి నుంచి ఒక అవ్వ దగ్గర కూర్చుని ఒక్కో చరణానికీ అర్థం అడిగి రాసుకున్నాను. నాలుగు చరణాలకు ఒక మధ్యాహ్నం పట్టింది. ఒక మాట దగ్గర అవ్వ చాలాసేపు ఆలోచించి, దానికి తెలుగు లేదంది. తెలుగు అక్షరాల్లో ఆ కువి మాటనే ఉంచేశాను. ఇప్పుడు ఆ మాటకు అర్థమేమిటని కింద అడుగుతున్నారు. అడిగినవాళ్లలో ఇద్దరు సమంతుల పిల్లలే.