గిటార్ల దారిలో ఓ రైలు

బిగ్‌బెన్, టవర్ బ్రిడ్జి, మైనపు బొమ్మల మ్యూజియం... లండన్ వెళ్లినవాళ్లు చూసొచ్చేవి ఇవే. కానీ హీత్రూ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వెళ్లే రైలుదారిలోనే మరో లండన్ ఉంది. తొలి ఎలక్ట్రిక్ గిటార్ కోసం, దానికి గొంతునిచ్చే యాంప్లిఫయర్ కోసం అరవయ్యేళ్ల కిందట అక్కడి కుర్రాళ్లు పడిన పాట్లన్నీ ఆ దారి వెంబడే ఉన్నాయి.

అబ్బాయో అమ్మాయో లండన్‌లో ఉంటే అమ్మానాన్నలకు ఎలిజబెత్ లైన్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2022లో మొదలైన ఈ లైన్ రైలు హీత్రూలో బయల్దేరి హేస్, సౌతాల్, హాన్వెల్, ఈలింగ్ బ్రాడ్‌వే మీదుగా ముప్పావుగంటలోపే నగరం నడిబొడ్డున ఉన్న టాటెన్‌హమ్ కోర్ట్ రోడ్‌కు చేరుస్తుంది. మధ్యలో సౌతాల్ స్టేషన్ బోర్డు మీద ఊరిపేరు పంజాబీలోనూ కనిపిస్తుంది. అది చూసి ముచ్చటపడి మళ్లీ ఫోన్లో తలదూరుస్తారు చాలామంది. కిటికీ అవతల వరసగా ఒకేలాంటి ఇళ్లు, గోదాములు. చూడ్డానికేముంది అనిపిస్తుంది. కానీ ప్రపంచాన్ని ఊపేసిన రాక్ సంగీతానికి ఆ గొంతు వచ్చింది ఇలాంటి ఇళ్లలోంచే, ఇక్కడి చిన్నచిన్న దుకాణాల్లోంచే!

రేడియోకే గిటార్ తగిలించి...

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటన్‌కు డాలర్ల కరవొచ్చింది. దాంతో 1951లో అమెరికా నుంచి సంగీత వాద్యాలు తెప్పించుకోవడాన్ని ప్రభుత్వం కట్టడి చేసింది. 1959 దాకా అదే పరిస్థితి. రేడియో పెడితే అమెరికా పాటలు వినిపిస్తాయి. రికార్డుల అట్టల మీద ఫెండర్, గిబ్సన్ గిటార్లు కనిపిస్తాయి. కొనుక్కుందామంటే మాత్రం దుకాణంలో ఉండవు. 1991కి ముందు గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చిన చుట్టం సూట్‌కేసు వంక ఆశగా చూసినవాళ్లకు ఆ కుర్రాళ్ల బాధ ఇట్టే అర్థమవుతుంది.

మామూలు గిటార్‌కు దాని డొల్ల చెక్కపెట్టే మైకు. ఎలక్ట్రిక్ గిటార్ అలా కాదు. తీగల కింద అయస్కాంతం, దానిచుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లు. పైనున్న ఉక్కుతీగ కదిలితే రాగిచుట్టలో పిసరంత కరెంటు పుడుతుంది. దాన్ని పెద్దది చేసి స్పీకర్‌కు పంపేదే యాంప్లిఫయర్. అది లేకపోతే ఎంత ఖరీదైన ఎలక్ట్రిక్ గిటారైనా దోమ మూలిగినట్లే!

ఆ రోజుల్లో యాంప్లిఫయర్ అంటే దాదాపుగా తాతయ్యల కాలంనాటి వాల్వు రేడియోనే. స్టేషన్లు పట్టే భాగం ఒక్కటీ ఉండదంతే. మీట నొక్కాక వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి. ఆ తర్వాతే సన్నగా హుమ్మంటూ ప్రాణం పోసుకుంటుంది. అందుకే యాంప్లిఫయర్ కొనే స్తోమత లేని పిల్లలు ఇంట్లో రేడియో వెనక, గ్రామఫోన్ కోసం ఉండే రంధ్రంలో గిటార్ వైరు దూర్చేసేవారు. నాన్న వార్తలు వినే వేళకు రేడియో మూగబోయిందో... ఇక వీపు విమానం మోతే!

1957లో బర్ట్ వీడన్ అనే గిటారిస్టు ఒక్కరోజులో గిటార్ వాయించొచ్చంటూ రాసిన పుస్తకం పిల్లల చేతుల్లో నలిగిపోయింది. 1959లో గాయకుడు క్లిఫ్ రిచర్డ్ (ఈయన పుట్టింది మన లఖ్‌నవూలోనే) తన బృందంలోని హ్యాంక్ మార్విన్ కోసం అమెరికా నుంచి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ తెప్పించాడు. మరుసటి ఏడాది మార్విన్ బృందం 'ద షాడోస్' వాయించిన 'అపాచీ' దేశమంతా మారుమోగింది. గిటార్ పట్టిన ప్రతి కుర్రాడికీ అలాంటిదే కావాలి. కానీ డబ్బేదీ?

అమ్మ గుండీలు... నాన్న చేతులు

హీత్రూ పక్కనే ఉన్న ఫెల్తమ్‌కు ఈ రైలు వెళ్లదు. బస్సెక్కాలి. అయినా ముందు చెప్పుకోవాల్సింది ఆ ఊరి గురించే. 1963లో అక్కడ బ్రయన్ మే అనే పదహారేళ్ల కుర్రాడు స్ట్రాటోకాస్టర్ కోసం కలలుగన్నాడు. నాన్న హెరాల్డ్ మే మామూలు ఉద్యోగి. ఎలక్ట్రానిక్స్‌లో మాత్రం దిట్ట. కొనలేకపోతేనేం, తయారుచేసుకుందామనుకున్నారు తండ్రీకొడుకులు.

తెలిసినవాళ్లు తీసి పారేస్తున్న పాత చలిమంట గూటి చెక్క గిటార్‌కు మెడ అయింది. పురుగు తొలిచిన రంధ్రాల్ని అగ్గిపుల్లలతో పూడ్చారు. పాత ఓక్ బల్ల నుంచి నడిమి భాగం వచ్చింది. తీగల బిగువును మోసేందుకు 1928 నాటి పాంథర్ మోటార్‌సైకిల్ స్ప్రింగులు రెండు దొరికాయి. స్వరాన్ని వణికించే మీట, సైకిల్‌కు సంచీ తగిలించుకునే కడ్డీ. దాని కొసన అమ్మ అల్లిక సూది ముక్క. వేళ్లు ఎక్కడ ఆనించాలో గుర్తు కోసం మెడ మీద పొదిగిన తెల్లచుక్కలు అమ్మ పెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు! అలా రెండేళ్లు చెక్కారు, రాకారు, పాలిష్ పెట్టారు. అయిన ఖర్చు సుమారు 8 పౌండ్లు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. ఖగోళ భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేస్తున్న కొడుకు దాన్ని మధ్యలో వదిలేసి సంగీతమంటూ వెళ్లిపోయాడు. ఇంజినీరింగ్ సీటు వదిలేసి సినిమాలంటూ కొడుకు రైలెక్కితే మన ఇళ్లలో ఏం జరుగుతుందో అక్కడా అదే జరిగింది. దగ్గరుండి గిటార్ చేసిపెట్టిన నాన్నే మాట్లాడ్డం మానేశాడు. తర్వాత 'క్వీన్' బృందంతో బ్రయన్‌కు పేరొచ్చింది. అమ్మానాన్నల్ని కాంకర్డ్ విమానంలో న్యూయార్క్ తీసుకెళ్లాడు. కాంకర్డ్ పరికరాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన హెరాల్డ్‌కు అందులో కాలుపెట్టడం అదే మొదటిసారి. మాడిసన్ స్క్వేర్ గార్డెన్లో కిక్కిరిసిన జనం మధ్య కూర్చుని, తమ ఇంట్లో పుట్టిన గిటార్ మోగడం విన్నాడు. ఇప్పుడర్థమైందని కొడుకుతో అన్నాడు.

2002లో ఎలిజబెత్ రాణి సింహాసనమెక్కిన స్వర్ణోత్సవాలకు బకింగ్‌హమ్ ప్యాలెస్ పైకప్పు మీద నిలబడి బ్రయన్ వాయించింది ఆ 8 పౌండ్ల గిటార్నే. వదిలేసిన డాక్టరేట్‌ను 2007లో పూర్తిచేశాడు. 2024లో స్వల్ప పక్షవాతం వచ్చి ఎడమచేయి స్వాధీనం తప్పింది. అప్పటికి ఆయన వయసు 77. కోలుకున్నాక అభిమానులకు చెప్పిన మంచి కబురు ఒక్కటే... మళ్లీ గిటార్ వాయించగలుగుతున్నానని!

డ్రమ్స్ మాస్టారి దుకాణం

మళ్లీ రైలు దగ్గరికొద్దాం. సౌతాల్ దాటాక వచ్చే చిన్న స్టేషన్ హాన్వెల్. దిగి కాస్త నడిస్తే అక్స్‌బ్రిడ్జ్ రోడ్డు. 1960లో ఈ రోడ్డులోని 76వ నంబరులో జిమ్ మార్షల్ అనే డ్రమ్స్ మాస్టారు దుకాణం తెరిచాడు. చిన్నప్పుడు ఎముకల క్షయతో ఏళ్ల తరబడి ఒళ్లంతా పట్టీలతో గడిపిన మనిషి. బలహీనపడ్డ కాళ్లకు సత్తువ రావాలని డాన్సు నేర్చుకున్నాడు, ఆపైన పాటగాడయ్యాడు, డ్రమ్స్ పట్టాడు, నేర్పాడు. అమ్మడానికి పెట్టిందీ డ్రమ్సే. కానీ శిష్యుల వెంట వాళ్ల స్నేహితులైన గిటారిస్టులూ రావడం మొదలుపెట్టారు. గిటార్లు ఎందుకు పెట్టరు, యాంప్లిఫయర్లు ఎందుకు అమ్మరంటూ ఒకటే పోరు! అలా పోరిన వారిలో పీట్ టౌన్షెండ్, రిచీ బ్లాక్‌మోర్ కూడా ఉన్నారు. అప్పటికి వాళ్లెవరో లోకానికి తెలియదు.

పెద్ద దుకాణాల వాళ్లు ఆ కుర్రాళ్లను పట్టించుకునేవారు కాదు. మార్షల్ విన్నాడు. వాళ్లు కోరుకునేది అమెరికా ఫెండర్ యాంప్లిఫయర్. ఆ దేశం నుంచి తెప్పిస్తే తలకు మించిన ధర. దుకాణంలో రిపేర్లు చేసే కెన్ బ్రాన్, ఇంకా ఇరవయ్యేళ్లు కూడా నిండని డడ్లీ క్రేవెన్ కలిసి ఆ ఫెండర్ నమూనా చూసి సొంతంగా ఒకటి చేయడానికి పూనుకున్నారు. ఇక్కడి విడిభాగాలు, ఇక్కడి సెలెస్టియన్ స్పీకర్లు. ఫెండర్‌లో పది అంగుళాల స్పీకర్లు నాలుగు, వెనక తెరిచిన పెట్టె. వీళ్లది పన్నెండు అంగుళాలవి నాలుగు, మూసిన పెట్టె. నకలు తీయబోతే వేరే గొంతు పలికింది! శబ్దం పెంచేకొద్దీ వాల్వులు తట్టుకోలేక ధ్వని చీలి, గరగరలాడుతూ, చిక్కబడుతూ వస్తుంది. ఇంజినీర్ల లెక్కలో అది లోపం. కుర్రాళ్లకు మాత్రం అదే సొగసు. 1962లో తొలి మార్షల్ యాంప్లిఫయర్ అలా పుట్టింది. 1964 నాటికి దుకాణం చాలక, రైలు దాటొచ్చిన ఆ హేస్‌లోనే ఫ్యాక్టరీ పెట్టారు.

తర్వాత టౌన్షెండ్‌కు అదీ చాల్లేదు. ఇంకా పెద్ద మోత కావాలన్నాడు. ఎనిమిది స్పీకర్లు ఒకే పెట్టెలో పెట్టిస్తే మోయలేక మోసేవాళ్ల నడుములు పడిపోయాయి. దాన్ని రెండుగా చేసి ఒకదానిపై ఒకటి పేర్చారు. రాక్ కచేరీల్లో గిటారిస్టు వెనక గోడలా కనిపించే నల్లపెట్టెల వరస అలా మొదలైందే. మాస్టారి శిష్యుల్లో మిచ్ మిచెల్ అనే కుర్రాడు తర్వాత అమెరికా నుంచి వచ్చిన ఓ గిటారిస్టుకు డ్రమ్స్ వాయించాడు, మార్షల్‌కు పరిచయమూ చేశాడు. ఆ గిటారిస్టే జిమీ హెండ్రిక్స్. పూర్తి పేరేమిటో తెలుసా... జేమ్స్ మార్షల్ హెండ్రిక్స్!

ఇంకాస్త ముందుకెళ్తే ఈలింగ్ బ్రాడ్‌వే. 1962లో ఆ స్టేషన్ ఎదురుగా ఉన్న ఓ నేలమాళిగలో బ్లూస్ కచేరీలు మొదలయ్యాయి. గాలాడని గదిలో జనం ఊపిరికి పైకప్పు నుంచి నీళ్లు కారేవి. కరెంటు సామాను తడవకుండా వేదికపైన టార్పాలిన్ కట్టారట! మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్‌లకు బ్రయన్ జోన్స్ తారసపడింది అక్కడే. ఆ ముగ్గురే 'రోలింగ్ స్టోన్స్'కు పునాది. ఈలింగ్ ఆర్ట్ కాలేజీలోనే టౌన్షెండ్ చదివాడు. కొన్నేళ్ల తర్వాత మహారాష్ట్రలోని పంచగనిలో స్కూలు చదువు చదివిన ఓ పార్సీ కుర్రాడూ అందులోనే చేరాడు. అతడే ఫ్రెడ్డీ మెర్క్యురీ. వాళ్ల కుటుంబం ఇల్లు ఫెల్తమ్‌లో, బ్రయన్ మే ఇంటికి దగ్గర్లోనే.

పాటల వీధి

టాటెన్‌హమ్ కోర్ట్ రోడ్ స్టేషన్ బయటికొచ్చి రెండడుగులేస్తే డెన్మార్క్ స్ట్రీట్. ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర వినిపించేంత వీధి. మన సినిమా పాటకు ఒకప్పుడు మద్రాసు కోడంబాక్కం ఎలాగో ఇంగ్లండ్ పాటకు ఇది అలాగ. 1911లో మొదటి సంగీత ప్రచురణకర్త ఇక్కడికొచ్చాడు. ఆ తర్వాత వీధంతా వాళ్లే. పాటలు రాసేవాళ్లు, బాణీలు కట్టేవాళ్లు, అవకాశాల కోసం కాళ్లరిగేలా తిరిగేవాళ్లు. 1965లో ఎల్టన్ జాన్ ఇక్కడి ఓ ప్రచురణ సంస్థలో ఆఫీస్ బాయ్. 4వ నంబరులోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి మోతను అదుపుచేసేవారు. రోలింగ్ స్టోన్స్ తొలి ఆల్బమ్ 1964లో ఆ అట్టల మధ్యే రికార్డయింది.

ఆ ఏడాదే 'ద కింక్స్' బృందంలోని డేవ్ డేవిస్ ఓ పని చేశాడు. తన చౌకబారు యాంప్లిఫయర్ గొంతు నచ్చక, బ్లేడు తీసుకుని స్పీకర్ అట్టను చీరేశాడు. చిరిగిన అట్ట బర్రుమంది. అదే కావాలన్నాడు. ఆ మోతతోనే 'యూ రియల్లీ గాట్ మీ' దేశంలో మొదటి స్థానానికెక్కింది. 1970లో అదే బృందం డెన్మార్క్ స్ట్రీట్ పేరుతోనే ఓ పాట కట్టి ఈ వీధి వ్యాపారుల్ని ఆటపట్టించింది.

ప్రచురణకర్తలు ఖాళీచేసిన గదుల్లోకి గిటార్ల దుకాణాలొచ్చాయి. వీధికి ఆ పేరే స్థిరపడింది. ఆ తర్వాత ఇదే ఎలిజబెత్ లైన్ కోసం చుట్టుపక్కల తవ్వకాలు, వాటి వెంటే కొత్త కట్టడాలు. పాటగాళ్లకు చిన్న వేదికగా నిలిచిన '12 బార్ క్లబ్' 2015 జనవరిలో మూతపడింది. ఇప్పుడు వీధి పక్కన నాలుగంతస్తుల ఎత్తు తెరలు రంగులు చిమ్ముతున్నాయి. 'సెక్స్ పిస్టల్స్' కుర్రాళ్లు ఇరుకున సర్దుకున్న పాత కట్టడం హోటల్ గదిగా మారింది. కొన్ని గిటార్ల దుకాణాలు మాత్రం ఇంకా పట్టు వదల్లేదు. అద్దాల వెనక పాత గిటార్లు వరసగా వేలాడుతుంటాయి. అప్పటి కుర్రాళ్లు కొనలేకపోయినవి కొన్ని ఇప్పుడు కారు ధర పలుకుతాయి.

అయినా డబ్బుతో తీరే కోరికా ఇది? పాల్ మెకార్ట్నీ 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో 30 పౌండ్లకు కొనుక్కున్న హాఫ్‌నర్ బేస్ గిటార్ 1972లో లండన్‌లో ఓ వ్యాన్లోంచి మాయమైంది. అలాంటివి ఎన్ని కావాలన్నా కొనగలడు. కానీ ఆయనకు కావాల్సింది అదే. అభిమానులు పట్టువదలకుండా వెతికితే ఓ ఇంటి అటక మీద దొరికింది. 2024లో ఆ కబురు లోకానికి తెలిసింది. యాభయ్యేళ్ల ఎదురుచూపు!

జిమ్ మార్షల్ 2012లో 88 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన సంస్థ 2023లో స్వీడన్ కంపెనీతో కలిసిపోయింది. ఇప్పుడు ఆ పేరు లండన్ రైల్లోనే కాదు, హైదరాబాద్ మెట్రోలోనూ కనిపిస్తుంది... కుర్రాళ్ల చెవుల మీద, నల్లటి హెడ్‌ఫోన్స్ పైన తెల్లటి అక్షరాల్లో. ఎలిజబెత్ లైన్లో అవి పెట్టుకుని కళ్లు మూసుకున్న ఏ అబ్బాయో హాన్వెల్ స్టేషన్ వచ్చినా తలెత్తకపోవచ్చు. పక్క సీట్లో తాతయ్య ఉంటే మాత్రం... తప్పకుండా భుజం తట్టి చూపిస్తాడు!