రెండు రాష్ట్రాల కొండలు, ఒక బాడుగ కారు

ఆల్ప్స్ కొండల్లో కారు బాడుగకు తీసుకుని మూడు దేశాలు చుట్టి రావాలని చాలామందికి ఉంటుంది. మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల నుంచి వెళ్లి యూరప్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు అమ్మానాన్నలను రమ్మని పిలుస్తున్నారు కూడా. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. అయితే విమానం ఎక్కే లోపు ఒక మూడు రోజులు తీరిక చేసుకుని, మన ఊళ్ల చుట్టూ ఉన్న కొండలను అదే పద్ధతిలో, బాడుగ కారులో, సరిహద్దులు దాటుతూ చూసి రమ్మని అడుగుతున్నాను. ఎందుకో చెప్తాను.

మ్యాపు ఒకసారి తెరవండి. హిందూపురం, మడకశిర కర్ణాటకలోకి చొచ్చుకుని ఉంటాయి. పావగడ కర్ణాటకది, కానీ దానికి మూడు వైపులా మన రాష్ట్రమే. పెన్న కూడా ఈ గీతలకు అటూ ఇటూ పారేదే. నంది కొండల్లో పుట్టి, గౌరిబిదనూరు దాటి, హిందూపురం దగ్గర మన వైపుకొచ్చి, పావగడ తాలూకాను తాకి మళ్లీ మన దగ్గరికే వస్తుంది. ఒక పూటలో రెండు మూడు సార్లు రాష్ట్రం మారే ఇలాంటి చోటు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అరుదు. దారి పొడుగునా కోట ఉన్న కొండలే. పెనుకొండ, రత్నగిరి, మధుగిరి, మిడిగేశి, పావగడ, ఇంకాస్త అవతల నంది.

ముందు కారు సంగతి చూద్దాం. నంబరు ప్లేటు రంగు చూసి మాట్లాడండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే డ్రైవరుతో వచ్చే టాక్సీ. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే మనమే నడుపుకోవడానికి ఇచ్చే బాడుగ కారు. తెల్ల ప్లేటు సొంత వాడకానికి. తెలిసినవాళ్లే కదా, నాలుగు వందలు తక్కువకు వస్తోంది కదా అని తెల్ల ప్లేటు బండిని బాడుగకు తీసుకోకండి. దారిలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిము కొట్టేయడానికి ఆ ఒక్క కారణం చాలు. ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా చెప్తాను, ఎవరికైనా.

తర్వాత పర్మిట్. కేంద్రం 2023లో తెచ్చిన నిబంధనల కింద ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ తీసుకున్న బండి రాష్ట్రాలు దాటి వెళ్లొచ్చు. అది లేని టాక్సీకి కర్ణాటకలో అడుగు పెట్టే ముందే పరివాహన్ సైటులో పన్ను కట్టి తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలి. హిందూపురం నుంచి గౌరిబిదనూరుకు ఎంత దూరమని, ఇంతలోకే పర్మిట్ ఎందుకని అనుకుంటాం. దూరంతో పని లేదు, గీత దాటామా లేదా అన్నదే లెక్క. ఆల్ప్స్‌లోనూ ఇంతే. అక్కడ కార్లు సరిహద్దులు ఆగకుండానే దాటుతాయి గానీ, ఏయే దేశాలకు తీసుకెళ్తున్నామో బాడుగ కంపెనీకి ముందే చెప్పాలి. లేకుంటే ఇన్సూరెన్స్ చెల్లకపోవచ్చు. ఆస్ట్రియా హైవేలకు ఒక టోల్ స్టిక్కరు, స్విట్జర్లాండ్‌కు ఇంకొకటి, దాని ఖరీదు ఏడాదికి 40 ఫ్రాంకులు. ఒక దేశంలో కారు తీసుకుని మరో దేశంలో అప్పగిస్తే అదనపు చార్జీ చాలా ఎక్కువ. అందుకే బయల్దేరిన చోటికే తిరిగొచ్చేలా దారి వేసుకోవడం మంచిది. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఇక్కడి ఆర్టీవో ఆఫీసులోనే తీసుకోవాలి, అది ఒక ఏడాది చెల్లుతుంది.

ఇప్పుడు దారి. హిందూపురంలో తెల్లవారుజామున బయల్దేరి, ఊరికి 15 కిలోమీటర్లలో ఉన్న లేపాక్షికి ఎండ రాకముందే చేరండి. ఒకే రాతిలో చెక్కిన ఆ నంది 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయంలో పైకప్పు బొమ్మల కిందే గంట సేపు నిలబడవచ్చు. అక్కడి నుంచి గౌరిబిదనూరు వైపు తిరగండి. దారిలో విదురాశ్వత్థం వస్తుంది. 1938 ఏప్రిల్ 25న జెండా ఎగరేయడానికి గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు అది. చనిపోయినవాళ్ల స్మారకం ఉంది. చాలామంది రావిచెట్టు కింది నాగప్రతిమలకు దండం పెట్టుకుని వెళ్లిపోతారు, స్మారకం దగ్గరా కాసేపు ఆగాలి.

మ్యాపు చూసి వెళ్లేవాళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. గుడిబండ అనే ఊరు మనకు మడకశిర పక్కన ఒకటుంది. కర్ణాటకలో బాగేపల్లి వైపు, కొండకోట ఉన్న గుడిబండె ఇంకొకటుంది. ఫోన్‌లో పేరు కొట్టి కళ్లు మూసుకుని నడిపితే కొండకు బదులు పూర్తిగా వేరే దిక్కుకు పోతారు. జిల్లా పేరు కూడా చేర్చి వెతకండి.

గౌరిబిదనూరు దాటాక మొదటి రోజు కొండ నంది, ఎత్తు 1,478 మీటర్లు. కారు పైదాకా పోతుంది కాబట్టి పెద్దవాళ్లకు అనువు. శని, ఆదివారాలు మాత్రం వద్దు, బెంగళూరు మొత్తం అక్కడే ఉంటుంది. మలుపుల్లో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. ఇది మన దేశపు రోడ్డు నిబంధనే, ఆల్ప్స్ కొండ దారుల్లోనూ ఇదే. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి అలాగే ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఇటలీలోని స్టెల్వియో కనుమ ఎత్తు 2,757 మీటర్లు, నలభైకి పైగా మలుపులు. అక్కడికి వెళ్లే చెయ్యి నంది మలుపుల్లో ఒకసారి అలవాటు పడితే మంచిదే కదా.

రెండో రోజు మధుగిరికి. ఆసియాలోని అతి పెద్ద ఏకశిలా కొండల్లో అదొకటి, దాదాపు 3,930 అడుగులు. కొన్నిచోట్ల రాతిలో తొలిచిన గాడుల్లో కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని పైకి పోవాలి. ఎక్కి దిగడానికి సగం పూట పడుతుంది. కారులో అమ్మమ్మ ఉంటే ఆమెకు కింద ఊళ్లో తట్టె ఇడ్లీ తినిపించి, గుడిలో నీడపట్టున కూర్చోబెట్టి వెళ్లండి. ఆ రోజు ఇంకో కొండ పెట్టుకోకండి. రోజుకు ఒక్క కొండ, అంతకు మించితే కాళ్లు గుర్తుంటాయి గానీ కోట గుర్తుండదు. మిడిగేశిని దారిలోంచే చూసి పావగడకు చేరుకుంటే చాలు. అక్కడ శనైశ్చరుడి గుడి దగ్గర తెలుగు, కన్నడం ఒకే వాక్యంలో వినిపిస్తాయి. "ఏమన్నా, ఎల్లి నుంచి?" అని అడిగితే రెండు భాషల్లో దేంట్లో చెప్పినా సంతోషమే.

మూడో రోజు పావగడ నుంచి రొద్దం మీదుగా పెనుకొండ. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజ్యానికి రాజధాని అయిన ఊరు. గగన్ మహల్ కొండ కిందే ఉంది, అదీ, బాబయ్య దర్గా, పార్శ్వనాథుడి బసది నడిచి చూడొచ్చు. నాకు మిగతా కొండలన్నిటికంటే పెనుకొండే ఇష్టం. అక్కడ రాజ్యం తాలూకు గోడలు బడికెళ్లే పిల్లల దారి పక్కనే ఉంటాయి, టికెట్టు కౌంటరు వెనక కాదు. ఊరి బయట ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. మీరు బాడుగకు తీసుకున్నది కియానే అయితే అది పుట్టిన ఊరికే వచ్చినట్టు. చివరికి ధర్మవరం. చిత్రావతి కూడా నంది కొండల్లో పుట్టిందే, అదీ మీలాగే అక్కడి నుంచి ధర్మవరానికి చేరుతుంది. మగ్గం ఉన్న ఇంటికి వెళ్లి నేతను చూసి, కొంటే అక్కడే కొనండి.

కార్తీకం నుంచి పుష్యం దాకా మంచి కాలం. ఎండాకాలం బండ మీద కాలు పెట్టలేం, వాన పడితే జారుతుంది. ఆల్ప్స్‌లో దీనికి తలకిందులు, చలికాలం మంచుతో ఎత్తయిన కనుమలు మూసేస్తారు, వేసవిలోనే వెళ్లాలి. కాబట్టి రెండు ప్రయాణాలూ ఒకే ఏడాదిలో పెట్టుకోవచ్చు, ముందు మనది.

బయల్దేరే ముందు రోజు కారు యజమానికి ఫోన్ చేసి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పర్మిట్ మూడూ మీ ఫోన్‌కు పంపించుకోండి. బండి చుట్టూ ఉన్న గీతలన్నీ ఆయన ముందే ఫొటో తీయండి. డ్రైవరును పెట్టుకుంటే బత్తా, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్ల లెక్కో, రాత్రి బస ఎక్కడో ముందే మాట్లాడుకోండి. ఆయన నిద్రకు ఆరు గంటలకు తగ్గకుండా చూడండి.